ఎర్ర టబ్బు

సుబ్రమణ్యం నాయుడి కూతురు మేఘన గుడియాత్తం కుప్పమేడులో చెత్త ఏరుకుంటోందన్న వార్తను ఊళ్ళోకి తెచ్చింది లక్ష్మీదేవి. ఆమె కళ్ళతో చూసిందేమీ లేదు. ఆంబూరు చెప్పుల కంపెనీలో పనికి పోయే ఆమె తమ్ముడు బస్సు కిటికీలోంచి చూశాడట. చూసి పెళ్ళానికి చెప్పాడట. ఆ పిల్ల పాలకేంద్రం దగ్గర లక్ష్మీదేవికి చెప్పిందట. ఇక లక్ష్మీదేవి నోట్లో పడ్డ మాట గోడ దూకడానికి ఎంతసేపు? ఆమె పాలచెంబు ఇంట్లో పెట్టకముందే అది మేఘన వాళ్ళమ్మ చెవికి చేరింది. మధ్యాహ్నానికి ఫోనులో మేఘన చెవికీ చేరింది.

“వేలూర్లో ఎంటెక్కు చదివే పాప, చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కోని, మనం పారేసిన కసువులో కూసోని ఉండాదంట అక్కా అంటాది. చదవేస్తే ఉన్న మతి పోయినట్ల ఉండాదే అంటాది నా మొగం మిందనే. అది పోతే పోనీలే. ఆ తావు మంచిది కాదంట మేఘనా. ఆడ కుక్కలన్నీ మూడు కాళ్ళ మింద నడస్తాయంట. ఒక్కటీ నాలుగో కాలు నేల మోపదంట.”

“కుక్కల సంగతి కూడా బస్సులోంచే చూసినాడా ఆయన?” అని నవ్వింది మేఘన.

“నవ్వు. మీ నాయన కూడా నీ మాదిరే నవ్వినాడు. నవ్వి, చెప్పుల్లేకుండా చేనికి పోయినాడు.”

ఆ మాటతో మేఘన నవ్వు ఆగిపోయింది. ఇంట్లో అందరి భయమూ ఆ కాళ్ళ గురించే. నాయనకు పద్నాలుగేళ్ళుగా సుగరు. పోయిన దీపావళికి ముందు వేలూరు తీసుకుపోతే, డాక్టరు నైలాను దారంలాంటి దాన్ని అరికాలిలో పది చోట్ల పొడిచి, తెలుస్తోందా అని అడిగాడు. పది చోట్లా నాయన చెప్పిన జవాబు ఒకటే: “యాడ పొడస్తావుండావు సామీ?” డాక్టరు దారం పక్కన పెట్టి మేఘనతో అన్నాడు, ఈ కాలికి ముల్లు గుచ్చుకున్నా ఆయనకు తెలియదమ్మా, తెలిసేసరికి కాలు మా చేతిలో ఉంటుంది అని. ఆనాడే బజారులో మెత్తటి చెప్పులు కొనిపెట్టింది. నాయన వాటిని ఇంట్లో తొడుక్కుంటాడు, బజారుకి తొడుక్కుంటాడు. గట్టు మీద విడుస్తాడు.

“చేలోకి చెప్పులతో దిగితే మా నాయన తలకాయ తొక్కినట్ల. నీ ఎంటెక్కులో అది చెప్పిండరులే” అంటాడు.

మేఘన ఫోను పెట్టేసి తలెత్తింది. ఎదురుగా, కుప్పకు ఆ పక్కన ఒక నల్లకుక్క నడుస్తోంది. వెనక కుడికాలు పైకి ముడుచుకుని ఉంది. దాని వెనక ఇంకొకటి. అదీ అంతే.

ఈ తావు పేరు కానారుగుట్ట. ఇప్పుడు గుట్ట లేదు. సగం ఇళ్ళ పునాదుల్లోకీ, సగం రోడ్ల కిందికీ పోయింది. మిగిలింది ముందు నాలుగెకరాల కుప్పమేడు, వెనక తాటిచెట్టంత లోతున్న బండగుంత. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ చెత్తా, ఈ పక్క మాటలో కుప్ప, వచ్చి పడేది ఇక్కడే. ఈ కుప్పనంతా ఎరువు చేసి రైతులకు ఉచితంగా ఇవ్వాలని ఒక కంట్రాక్టు కంపెనీ ముందుకొచ్చింది. అయితే ఏ మిషను పెట్టాలన్నది కుప్పలో ఏముందో తెలిస్తే కదా తెలిసేది! కుళ్ళేది ఎంత, కాలేది ఎంత, గుచ్చేది ఎంత? ఏడు రోజులు కూర్చుని ఏరి, తూచి, ఆ పాళ్ళు రాసివ్వాలి. మేఘన చదువు ముగియడానికి కావలసిన రిపోర్టూ అదే.

పని వినడానికి తేలిక. పొద్దున వచ్చిన బండిని టార్పాలిన్ మీద దింపిస్తారు. పారతో తిరగేసి కలుపుతారు. గుండ్రంగా పరిచి, దోసెను కోసినట్టు నాలుగు పాళ్ళు చేస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్ళు పక్కకు నెట్టేసి, మిగిలిన రెండింటినీ మళ్ళీ కలిపి, మళ్ళీ నాలుగు పాళ్ళు. అలా చేస్తూ పోతే చివరికి నూరు కిలోల కుప్ప మిగులుతుంది. ఆ నూరు కిలోలే ఊరికి అద్దం. దాన్ని చేత్తో ఏరి, రంగురంగుల టబ్బుల్లో వేసి, వేలాడే కాటాకు తగిలిస్తారు. వంటింటి తడికి పచ్చ టబ్బు. కాగితానికి నీలం. ప్లాస్టిక్కుకు, గుడ్డలకు, తోలుముక్కలకు, మట్టికి తలా ఒకటి. చివరిది ఎర్రది. సూదులు, బ్లేళ్ళు, పగిలిన గాజు, బ్యాటరీలు, పురుగుమందు సీసాలు అందులోకి.

ఏరడానికి ఆరుగురు ఆడవాళ్ళు. అందరూ రాయి కొట్టే కుటుంబాలవాళ్ళే. వాళ్ళ తాతలు ఈ గుట్టనే కొట్టి గుడియాత్తంలో సగం మిద్దెలు లేపారు. బండ అయిపోయాక అదే తావులో కుప్ప పనికి వచ్చారు. వాళ్ళకు మేస్త్రీ అంజప్ప. అరవై దాటినా నడుము వంగని మనిషి. చేతిలో ఎప్పుడూ కొస వంచిన ఇనుప చువ్వ. ఆయన కోడలు విజి ఏరేవాళ్ళలో ఒకతె. భార్య అంబుజం షెడ్డు నీడలో కూర్చుని గోనెసంచులు కుడుతుంది. ఆమెకు ఎడమకాలు మోకాలి కింద లేదు.

మొదటిరోజు మేఘన టార్పాలిన్ మీద అడుగు పెట్టబోతుంటే అంజప్ప చువ్వ అడ్డం పెట్టాడు. ముందు తాను దిగాడు. వంగి నేల తాకి వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. పక్కకు తప్పుకుని అన్నాడు:

“నేల చూసినాను. దిగమ్మా.”

“అంటే ఏంది తాతా?”

“రాయి కొట్టే తావులో ముందు మేస్త్రీ దిగాల. ఆయన నేల చూసినాకనే ఆడోళ్ళు, బిడ్డలు దిగాల. మా తాత చూసినాడు, మా నాయన చూసినాడు. ఒగ దినం నేను చూడకుండా దింపినా.” అంజప్ప షెడ్డు వైపు తల తిప్పాడు. “బండచిప్ప అరికాల్లో దిగింది. అప్పుటికి దానికి సుగరుండేది మాకెవురికీ తెలీదు. అప్పుట్నించీ చూడకుండా ఎవుర్నీ దింపలేదు.”

 ఆ రాత్రే మేఘన నోటుబుక్కులో రాసుకుంది, పనికి ముందు నేలకు మొక్కే ఆచారం ఇంకా మిగిలే ఉందని. వంగి, తాకి, కళ్ళకద్దుకోవడం – అదే నేల చూడటమని ఆమె అనుకుంది. ఫోటో కూడా తీసుకుంది.

మూడో రోజు ముందు బస్సు దొరికి మామూలుకన్నా గంట ముందే దిగింది. ఇంకా వెలుతురు సరిగా పడలేదు. కుప్పమేడు మీద అక్కడక్కడా పొగ. బండి అప్పటికే వచ్చి టార్పాలిన్ మీద దింపిపోయింది. మనిషి అలికిడి లేదు. బండగుంత వైపు నుంచి అంజప్ప వస్తున్నాడు, భుజాన ఖాళీ బుట్ట, చేతిలో చువ్వ. ఆయన వెనక ఆ నల్లకుక్క, మూడు కాళ్ళతో.

“ఇంత పొద్దున్నే యాడికి పొయ్యొస్తావుండావు తాతా?”

“గుంతలో దెయ్యాలుండాయి కదమ్మా. వాటికి బువ్వ పెట్టొస్తావుండా.”

“దెయ్యాలు ఏం తింటాయి?”

“మనుషులు తినకూడనిది తింటాయి” అని నవ్వాడాయన. పళ్ళు తక్కువ నోరు. మేఘన కూడా నవ్వింది. నవ్వి, టబ్బులు వరసగా పేర్చుకోవడంలో పడింది. ఆయన బొటనవేలికి కొత్తగా గుడ్డ చుట్టి ఉండటం చూసింది కానీ, అడగలేదు.

మొదటిరోజు ఎర్ర టబ్బులో ఏమీ పడలేదు. రెండోరోజూ పడలేదు. మూడోరోజు మధ్యాహ్నం విజి ఆ టబ్బును బోర్లించి దులిపింది.

“పాపా, అన్ని టబ్బులకీ పనుండాది. ఈ ఎర్రమ్మ మటుకు పెండ్లికూతురి మాదిరి కూసోని ఉండాది. దీనికేమన్నా పని పెట్టేదా?”

“ఏం పని పెడతావు?”

“బువ్వ గిన్నెలు పెట్టుకుంటాము. ఈగలు రావు.”

ఆరుగురూ గొల్లున నవ్వారు. మేఘన కూడా వద్దనలేదు. నాలుగోరోజు నుంచి పెరుగన్నం గిన్నెలూ, మామిడికాయ ఊరగాయ పొట్లాలూ ఎర్ర టబ్బులోనే. సాయంత్రం మేఘన తన కాగితంలో ఆ గడి దగ్గర సున్నా చుట్టేది. ఏడు రోజులు, ఏడు సున్నాలు.

వేలూర్లో ఆమె ప్రొఫెసరు శంకరలింగం ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తమిళాయన. ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే సగం ఎకసెక్కమే. కళ్ళద్దాలు నొసటి మీదికి ఎత్తుకున్నాడు.

“ఎన్నమ్మా ఇది? ఏడు రోజులూ సున్నాయేనా?”

“అవును సార్. నేను దగ్గరే ఉన్నాను. నా కళ్ళ ముందే ఏరారు.”

“పన్నెండు ఊళ్ళలో ఒక్క గోడగడియారంలో కూడా బ్యాటరీ అయిపోలేదా? ఒక్క గాజుగ్లాసూ పగల్లేదా? ఒక్కడికీ సుగరు లేదా, సూది వేసుకోడానికి?”

 ఆయన కాగితం వెనక్కి ఇచ్చాడు. “సరి. నువ్వు చూసినావు, నేను చూడలేదు. సంతకం నీదే. ఇంకొకసారి ఆలోచించుకో.”

వేలూరు కోట ముందు బస్సుకోసం నిలబడి అమ్మకు ఫోను చేసింది.

“అమ్మా, నాయన సూదులు వాడినాక యాడ పారేస్తావు?”

“యాడ పారేస్తారు? నారింజరంగు మూత పెట్టి కుప్పబండిలో వేస్తా. వారానికి మూడో నాలుగో. ఏమిటికి అడుగుతావుండావు?”

“ఊరికే.”

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఆ కుప్పబండి పోయేది కానారుగుట్టకే. తమ వీధిలోనే సుగరు ఉన్నవాళ్ళు ఐదుగురున్నారు. లక్ష్మీదేవి మొగుడు కూడా. పన్నెండు ఊళ్ళు. లెక్క తానంతట తానే పెరుగుతూ పోతోంది. గుడియాత్తం రాకముందే మేఘన దాన్ని ఆపేసింది. ఎంత చదువుకుంటే అంత బాగా సర్దిచెప్పుకోవచ్చు తనకు తానే. టన్నుల కుప్పలో నాలుగు సూదులెంత? నాలుగు పాళ్ళు చేసి రెండు పాళ్ళు నెట్టేస్తాం కదా ప్రతిసారీ, ఆ నెట్టేసిన పాళ్ళలో పోయి ఉంటాయి. మళ్ళీ ఏడు రోజులు ఏరాలంటే చివరి తేదీ దాటిపోతుంది. ఆ రాత్రి రిపోర్టు మీద సంతకం చేసింది. సున్నా సున్నాగానే ఉంది.

చిత్తిరై నెల ఎండల్లో మీటింగు పెట్టారు. కంపెనీ ఇంజినీరు పార్థిబన్ గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. మొదట అనుకున్న ప్లానులో కుప్ప ఒక బెల్టు మీద కదిలి వస్తుంది. బెల్టుకు అటూ ఇటూ పదిమంది ఆడవాళ్ళు నిలబడి కావలసింది, అక్కర్లేనిది ఏరతారు. ఆ తరువాత మిషను. పార్థిబన్ ఆ బెల్టు మీద ఎర్రగీత కొట్టాడు.

“మేఘన మేడం రిపోర్టు ప్రకారం ప్రమాదకరమైనది ఏమీ లేదు. ఏరే పని లేదు. నేరుగా మిషనులోకి. నలగ్గొట్టి, మాగబెట్టి, జల్లెడ పట్టి ఎరువు. ఖర్చు సగం, కాలం సగం.”

చప్పట్లు కొట్టారు. ఆఖరి వరసలో ఇస్త్రీ పంచెతో సుబ్రమణ్యం నాయుడు లేచి నిలబడ్డాడు. చుట్టూ ఉన్న రైతులు ఆ ఎరువు తీసుకోవాలా వద్దా అని గుసగుసలాడుతుంటే ఆయనకు రోషం వచ్చింది.

“అయ్యా, మొదటి లోడు నా చేనుకి తోలండి. నా కూతురు కూసోని ఏరి చూసిన కుప్ప. నేను తీసుకోకుంటే ఎవురు తీసుకుంటారు?”

బయటికి వచ్చాక విజి గేటు దగ్గర ఎదురైంది. మిగతా ఐదుగురూ ఆమె వెనక.

“అయితే మా పని పాయె కదా పాపా.”

“నేను అలా రాయలేదు విజీ. కుప్పలో ఏముందో అదే రాసినా.”

“అదేలే. మా ఎర్రమ్మ పెండ్లి చేసుకోని మమ్మల్ని ఇంటికి పంపింది” అంది విజి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అంజప్పను మాత్రం ఉంచుకున్నారు, గేటు దగ్గర కాపలాకి.

ఐదు నెలల తరువాత, పెరటాసిలో, మోర్ధానా డ్యాం కాలువ వదిలారు. నాట్లకు చేలు దమ్ము చేస్తున్నారు. ఊరికి పోతూ పోతూ, అచ్చు వేయించే రిపోర్టు పుస్తకంలో చివర పెట్టుకోవడానికి కొత్త మిషను ఫోటోలు తీసుకుందామని మేఘన కానారుగుట్ట దగ్గర స్కూటరు ఆపింది. పొద్దున పది గంటలు. మిషను బండలు కొరుకుతున్నట్టు మోత పెడుతోంది. కుప్పమేడు మీద ఒక్క మనిషి లేడు. డోజరు తోస్తోంది, మిషను మింగుతోంది, అటు వైపు నల్లటి ఎరువు రాలుతోంది. కుక్కలు కూడా కనబడలేదు.

ఎరువు రాశి మీద ఎండ పడుతోంది. రాశి మెరుస్తోంది.

తడికి మెరుస్తోందేమోనని దగ్గరికి పోయింది. చెయ్యి పెట్టబోయి ఆగి, సంచిలోంచి గ్లవుజు తీసి తొడుక్కుంది. గుప్పెడు తీసి ఎండకు పట్టింది. బియ్యపు నూకంత గాజు. ఎక్కడ చూసినా గాజు. మధ్యలో వెంట్రుకంత సన్నగా, గోరంత పొడుగున ఇనుప తునకలు. ఒక తునకకు నీలిరంగు ప్లాస్టిక్ తల ఉంది. దాన్ని సూది అని గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు.

“తాతా!”

అంజప్ప గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అరచేతిలోకి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

“ఇవన్నీ యాడ్నించి వచ్చినాయి తాతా?”

“కుప్పలో ఉండేటివే కదమ్మా.”

“నేను ఏడు దినాలు ఏరినాను. ఒక్కటీ లేదు.”

“ఎట్ల ఉంటాయి? నువ్వు వచ్చేలోపల నేను నేల చూస్తా ఉంటిని కదా.”

 ఆయన స్టూలు మీంచి లేచి షెడ్డు వెనక్కి నడిచాడు. ఆమె వెంట నడిచింది. బండగుంత అంచున నిలబడి చువ్వతో కిందికి చూపించాడు. గుంత మొదట్లో, రాతిమెట్టు మీద, బండెడు పోగు. సిరంజీలు, పగిలిన సీసాలు, బ్లేళ్ళు, ట్యూబులైట్ ముక్కలు, ఉబ్బిన బ్యాటరీలు. నారింజరంగు మూతలు చింతగింజల్లా చల్లి ఉన్నాయి. పోగు పక్కన ఒక నల్లటి కుక్క పడి ఉంది. ఎండి చాలా రోజులైంది.

“బండి దింపినాక రెండు గంటలు పట్టేది. చువ్వతో కెలికి కాటేసే సరుకంతా ఏరి ఈడ పోసినా. ఏడు దినాలూ. చదువుకునే పాప, పెండ్లి కావాల్సిన చేతులు. ఇంగ ఆ ఆరుమందీ మా బిడ్డలు. చూడకుండా ఎట్ల దింపేది? మొదటి దినమే చెప్పినా కదమ్మా నీకు.”

“మొక్కడం అనుకున్నా తాతా.”

“మొక్కేదానికి అర నిమిషం చాలు.”

గాలికి గుంతలోంచి వాసన వచ్చింది. 

“మరి ఇప్పుడెందుకు చూడలేదు? మిషనులో పోసేముందు ఎందుకు తియ్యలేదు?”

అంజప్ప ఆమె వైపు చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

“మనిషి దిగితే నేల చూడాల. మిషనుకి కాళ్ళుండాయా?”

ఆమె తల తిప్పి ఎరువు రాశి వైపు చూసింది. రాశికి ఒక పక్క పెద్ద గంటు పడి ఉంది, ఎవరో తవ్వుకుపోయినట్టు.

“లోడు పోయిందా?”

“ఆరు గంటలకే ఒగ ట్రాక్టరు పోయింది. మొదటి లోడు. మీ ఊరికే కదమ్మా.”

అంతవరకే వింది. స్కూటరు దగ్గరికి పరుగెడుతూనే నాయనకు ఫోను చేసింది. అమ్మ ఎత్తింది.

“నాయన ఎక్కడమ్మా?”

“చేలో ఉండాడు. ఫోను ఇంట్లోనే మర్చిపోయినాడు. ఎరువొచ్చిందని పొద్దున్నించీ సంబరం చూడల్ల! కూలోళ్ళు రాకుంటే తానే బుట్ట ఎత్తుకున్నాడు.”

“చెప్పులు వేసుకున్నాడా?”

“నీ చెప్పులు గడపకాడే ఉండాయి.”

“అమ్మా, నువ్వు పరిగెత్తు. నాయన్ని బయటికి రమ్మను. గట్టు మీదికి రమ్మను. నేను వస్తావుండా.”

“ఏమైంది మేఘనా?”

“పో అమ్మా!”

స్కూటరు కదిలేలోపు అంజప్ప వచ్చి వెనక కూర్చున్నాడు, చేతిలో చువ్వతోనే. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. గుడియాత్తం దాటి మోర్ధానా రోడ్డు ఎక్కారు. రోడ్డు పక్క కాలువ నిండా నీళ్ళు. చేలన్నీ అద్దాల్లా ఉన్నాయి. ఒక మలుపు దగ్గర అంజప్ప, ఆమెతోనో గాలితోనో, “మా అంబుజానికి కూడా మొదుట్లో నొప్పి లేదు” అన్నాడు. మేఘన ఇంకా వేగం పెంచింది.

అమ్మ గట్టు మీద నిలబడి పిలుస్తోంది. నాయన మడి మధ్యలో మోకాళ్ళ లోతు బురదలో ఉన్నాడు, నెత్తిన బుట్ట. పిడికిళ్ళతో ఎరువు చల్లుతూ, బురదలో కాలితో తొక్కుతూ, వరస తప్పకుండా నడుస్తున్నాడు. చల్లిన చోటల్లా ఎండకు నీళ్ళు తళతళమంటున్నాయి.

“నాయనా, బయటికి రా!”

“వచ్చినావా? ఉండమ్మా, ఇంగ రెండు బుట్టలే. చూడు, ఎట్ల మెరస్తా ఉండాదో నీ ఎరువు!”

“నాయనా, నీకు దండం పెడతా. బుట్ట ఆడే పారేసి రా. మెల్లగా రా. కాలు గట్టిగా మోపొద్దు.”

ఆమె గొంతులో ఏదో విని ఆయన బుట్ట దించాడు. గట్టు దాకా వచ్చాడు. మామూలుగానే నడిచి వచ్చాడు, కుంటలేదు, మొగంలో ఎక్కడా నొప్పి లేదు. గట్టెక్కి, ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కోవడానికి కాలువలో పాదాలు పెట్టాడు. నల్లటి బురద విడిపోయి నీళ్ళలో కలిసింది. దాని వెనకే సన్నగా, దారం పోగులాగా ఎరుపు సాగింది. ఒక పోగు కాదు. నాలుగైదు.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నొప్పి లేదా నాయనా?” అంది మేఘన.

“నొప్పా? ఎందుకు?”

అంజప్ప గట్టు మీద మోకాళ్ళూని ఆ కుడిపాదాన్ని రెండు చేతులతో ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. అరికాలు ఎండకు తిరిగింది. అది కూడా మెరుస్తోంది. మడమ దగ్గర నారింజరంగు మూత ముక్క ఒకటి అంటుకుని ఉంది. అంజప్ప దాన్ని తీయబోయాడు. అది రాలేదు. అంటుకున్నది కాదు, దిగినది.  తలెత్తినప్పుడు ఆయన కళ్ళలో ఉన్నది జాలి కాదు, కోపం.

“నేల చూడకుండా ఎట్ల దిగినావు నాయుడూ?”

సుబ్రమణ్యం నాయుడు తన పాదం వైపు చూశాడు, ఎవరిదో పాదాన్ని చూసినట్టు. ఆ తరువాత కూతురి వైపు చూశాడు.

“నా కూతురు ఏడు దినాలు చూసి ఏమీ లేదని రాసిచ్చింది కదప్పా. ఇంగ నేను చూసేదేముండాది?”